డెబ్బై ఒక్క రాళ్లు

సోమవారం సాయంత్రం నాలుగూ పదికి గుంటూరు బస్సు పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర ఆగింది. రోజూ ఆ వేళకే ఆగేది. ఆ రోజు దిగింది ముగ్గురం: ఒక ముసలాయన, ఆయన మేకపిల్ల, నేను. రెండు రోజుల్లో గుంటూరులో రెండు సినిమాలు చూసి వస్తున్నాను. రోడ్డు మీంచి నలభై అడుగులు నడిస్తే మేం ఉండే రేకుల గది. ఆ గది గోడ పక్కన, శనివారం నేను పేర్చి వెళ్లిన రాళ్ల కుప్ప ఉండాలి. లేదు. నేల శుభ్రంగా ఊడ్చి ఉంది.

ఆ రాళ్లు నావి కావు. నాతోపాటు చదువుతున్న స్నేహితుడివి. అతను ఊళ్లో లేడు.

భూగర్భశాస్త్రం చదువుతున్న పిల్లలు కొందరు ఈమధ్య మా ఇంటికి వచ్చి, మీ ఉద్యోగ జీవితంలో మరిచిపోలేని అనుభవం ఒకటి రాసివ్వండి అన్నారు. నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ శాఖలో రాళ్లు చూస్తూ తిరిగాను. కనిపెట్టిన గని ఏదీ లేదు. రాసిన రిపోర్టుల్లో చాలామటుకు బీరువాల్లో ఉన్నాయి. మరిచిపోలేనిది మాత్రం ఒకటుంది. అది ఉద్యోగంలో చేరకముందు, ఎమ్మెస్సీ చదివేటప్పుడు జరిగింది. నాకు ఆ ఉద్యోగం ఎలా వచ్చిందో కూడా అందులోనే ఉంది. ఎవరి పేర్లూ రాయడం లేదు. ఉన్నవాళ్లకి అవసరం లేదు, పోయినవాళ్లు ఒప్పుకోరు.

అరవైల మొదట్లో సంగతి. రెండో ఏడు చలికాలం రాగానే ప్రొఫెసరుగారు తలా ఒక పటం ముక్క చేతికిచ్చి, "వెళ్లి నడవండి" అనేవారు. ఆ ముక్కలో ఉన్న నేలంతా నడవాలి. ఎక్కడ ఏ రాయి ఉందో, ఏ వైపుకి ఎంత వాలి ఉందో రాసుకోవాలి. నమూనాలు కొట్టి తెచ్చి, ప్రయోగశాలలో పరీక్షించి, రంగుల పటం గీసి, దానిమీద ఒక గ్రంథం రాసివ్వాలి. డిగ్రీ చాలావరకు దానిమీదే ఆధారపడేది. మా ఇద్దరికీ పల్నాడు సున్నపురాయి పడింది. రైలు కట్టకి ఉత్తరం వైపు నాది, దక్షిణం వైపు అతనిది. ఒక బట్టీ యజమాని దయతలిచి, పాత గోతాలు తీయించి మాకు గది ఇచ్చాడు.

మాది గుంటూరు దగ్గర మిరప పండించే కుటుంబం. నేను పరీక్ష తప్పితే నాన్న వారం రోజులు మాట్లాడడు. తరవాత కళ్లంలో కాయలు తిరగెయ్యడానికి పంపుతాడు. అంతకుమించి ఏమీ కాదు. స్నేహితుడిది చీరాల. తండ్రీ, అన్నా నేతపని చేసేవాళ్లు. ఇంట్లో మూడు మగ్గాలు. మూడోది ఇతని కోసం వేసింది. ఇతను కాలేజీలో చేరినప్పటినుంచీ అది ఖాళీగా ఉంది. చదువు తేలేదాకా దానిమీద ఇంకొకరిని కూర్చోబెట్టనని తండ్రి అన్నాడట. "అది ముద్దో బెదిరింపో నాకింకా అర్థం కాలేదురా" అని నవ్వేవాడు. ప్రొఫెసరుగారు అతని గురించి ఒక ప్రభుత్వ శాఖకి ముందే రాసి ఉంచారు. అక్కడ ఉన్నది ఒకే ఒక ఉద్యోగం. ఆ ఏడు ఫస్ట్ క్లాసులో పాసైతే అది అతనిది. లేకపోతే మూడో మగ్గం.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్ల ఎత్తుకి ఒక అడుగు కలిపి రాస్తుంటారు. నాకది నచ్చదు. అతను పొట్టిగా ఉండేవాడు. గురక పెట్టేవాడు. పేకాటలో ఓడిపోతున్నానని తెలిస్తే ముక్కలు కలిపేసేవాడు. నా కొబ్బరినూనె అడక్కుండా రాసుకుని, సీసా ఎండకి ఆవిరైపోతోంది అనేవాడు.

రాయి దగ్గర మాత్రం ఈ వేషాలేవీ ఉండేవి కావు. నేలమీద విడిగా పడి ఉన్న రాయిని ఎంత బాగున్నా తీసుకునేవాడు కాదు. "దానికి ఊరు లేదురా" అనేవాడు. అతుక్కుని ఉన్న పొరనుంచే సుత్తితో కొట్టి తీసేవాడు. దానిమీద తెల్ల రంగు చిన్న పట్టీలా పూసి, ఆరాక నల్ల సిరాతో అంకె వేసేవాడు. చీరాల బట్టల కొట్లలో అంగుళానికి ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టడానికి చిన్న ఇత్తడి భూతద్దం వాడతారు. అది ఇంటినుంచి తెచ్చుకున్నాడు. మా సున్నపురాయిలో పుస్తకం అంచులాగా సన్నటి పొరలుంటాయి. అద్దం ఆనించి, అంగుళానికి ఎన్ని పొరలో లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాసేవాడు. ప్రొఫెసరుగారు మొదట చూసి, "ఇదేమిటయ్యా, రాయా? చీరా?" అన్నారు. తరవాత వారానికి క్లాసులో అందరినీ అలాగే లెక్కపెట్టమన్నారు.

ఆరు వారాల్లో డెబ్బై ఒక్క నమూనాలు తీశాడు. వాళ్లమ్మ మగ్గం మీద మిగిలిన గుడ్డముక్కలతో సంచులు కుట్టి పంపింది. ఒక్కో రాయికి ఒక్కో సంచి. ఇక సామాను సర్దుకుని వెళ్లడమే అనుకుంటుండగా చీరాలనుంచి కార్డు వచ్చింది. తండ్రికి జ్వరం తగ్గడం లేదు, ఒకసారి వచ్చిపొమ్మని.

"నా రాళ్లు చూస్తుండు. మూడు వారాల్లో వస్తా" అన్నాడు బస్సెక్కుతూ.

"రాళ్లని ఎవరెత్తుకుపోతార్రా?" అన్నాను.

అతను వెళ్లిన వారానికి నాకు సంచులు తక్కువయ్యాయి. నా నమూనాలు ఇంకో ఇరవై ఉన్నాయి. అతని రాళ్లకి అంకెలున్నాయి కదా, సంచులెందుకు అనుకున్నాను. అన్నీ విప్పి, రాళ్లు గోడ పక్కన వరసగా, అంకెలు పైకి కనపడేలా పేర్చాను. నిజం చెప్పాలంటే ఆ పేర్చడం చూసి నాకే ముచ్చటేసింది. ఆ మధ్యాహ్నమే బస్సెక్కి గుంటూరు వెళ్లాను.

ఇక ఆ సోమవారం. బట్టీ దగ్గర రాళ్లు కొట్టే ఆడవాళ్లలో ఒకావిడ మాకు రోజూ మజ్జిగ పోసేది. నలభై దాటిన మనిషి. నేను గోడ చుట్టూ తిరగడం చూసి తనే వచ్చింది.

"ఏం బాబూ, ఏం ఎతుకుతున్నావ్?"

"ఇక్కడ రాళ్లుండాలమ్మా."

"ఎత్తేశాంగా."

"ఎత్తి ఎక్కడ పెట్టారు?"

ఆవిడ గడ్డంతో బట్టీవైపు చూపించింది. పైనుంచి పొగ లేస్తోంది.

"ఎవరు ఎత్తమన్నారు?"

"ఎవురు చెప్పాల? ముద్దరుంది గదా. ఇన్నేళ్లబట్టి ఈ పని చేస్తన్నా, రాయిరాయికీ ఇంత వాటంగా సున్నబ్బొట్టు పెట్టిన కుప్ప నేనెప్పుడూ చూళ్లా. మేస్త్రికి ఇయ్యాళ ఏమైందా అనుకున్నాం."

అక్కడి పద్ధతి నాకు తెలియనిది కాదు. ఆరు వారాలు రోజూ కళ్లముందు జరుగుతున్నదే. ఆడవాళ్లు రాయి కొట్టి కుప్పలు పోస్తారు. మేస్త్రి వచ్చి చూసి, కాల్చడానికి పనికొచ్చే కుప్పమీద సున్నపునీళ్లు చిలకరిస్తాడు. తెల్ల గుర్తు ఉన్న కుప్పని గంపలకెత్తి బట్టీలో వేస్తారు. గుర్తు లేనిదాన్ని ఎవరూ ముట్టుకోరు. అలాంటిచోట తెల్ల రంగు పూసిన డెబ్బై ఒక్క రాళ్లని సంచుల్లోంచి తీసి, అంకెలు పైకి కనపడేలా పేర్చి వెళ్లింది నేను.

మేస్త్రి దగ్గరికి పరుగెత్తాను. బట్టీ ఆపమన్నాను.

"ఆపడానికి ఇదేమన్నా అన్నం కుండా బాబూ, దించి పక్కన పెట్టటానికి? నిన్న అంటించాం. ఇంకో రెండు రోజులు మండుద్ది. చల్లారాక నీ రాళ్లేయో చూసి తీసుకో" అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే అలా దొరుకుతాయని అనుకున్నాడేమో.

చల్లారాక వెళ్లి చూశాను. అన్నీ తెల్లటి గడ్డలు, కాలిన మట్టిపెళ్లలే. ఆవిడ ఒక గడ్డ తీసి నేలమీద పెట్టి నీళ్లు చల్లింది. బుసబుసమని పొంగి పొడైపోయింది. నేను అక్కడే చతికిలబడ్డాను.

"ఏందబ్బాయ్, రాళ్లకోసం కళ్లనీళ్లెట్టుకుంటన్నావా? పల్నాడులో రాళ్లు కరువా?" అని నవ్వింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేదు కాబట్టి తరవాత వాళ్లూ ఆపేశారు.

ఆవిడకి చెప్పాను. ఆ రాళ్లు నావి కావని, అతను వచ్చేలోపు ఏదో ఒకటి చెయ్యాలని, లేకపోతే అతను మళ్లీ మగ్గం గుంటలో కూర్చోవాలని. ఆవిడ కాసేపు చీరకొంగుతో మొహం తుడుచుకుంటూ విన్నది.

"ఆ రాళ్లు గంపలకెత్తింది నేనేగా. చూపించు, ఏడేడ కొట్టాడో" అంది.

అతని నోటు పుస్తకం నా దగ్గరే వదిలి వెళ్లాడు. అందులో ప్రతి అంకెకీ చోటు, వాలు, పొరల లెక్క ఉన్నాయి. రాయి ఏ రకమో లేదు, ఎందుకంటే అది ప్రయోగశాలలో తేలాల్సింది. అక్కడ నల్లరాయి రెండు రకాలు. చేత్తో పట్టుకుని చూస్తే రెండూ ఒకటే. ఒకటి కాలిస్తే సున్నమవుతుంది. రెండోది సగం మట్టి. ఆమ్లంలో కరిగిస్తేనే మాకు తేడా తెలుస్తుంది. పటం మీద వేసే రంగులన్నీ ఆ తేడామీదే. ఆవిడకి మాత్రం ఆమ్లం అక్కర్లేదు. సుత్తి దెబ్బ చప్పుడుకి చెప్పేది. "ఇది పొంగుద్ది. ఇది మంటకి పెట్లిపోద్ది. ఇది ఉత్త మట్టి, మా మేస్త్రి ఒప్పుకోడు." ఎమ్మెస్సీలో నాకు పాఠం చెప్పినవాళ్లలో ఆవిడని కూడా కలుపుకుంటాను.

రెండు పొద్దులు పనిలోకి వెళ్లేముందు నాతో వచ్చింది. మిగిలిన రోజులు దారి చెప్పింది. ఆరు రోజుల్లో నలభై నాలుగు రాళ్లు పుస్తకంలో రాసిన చోటనుంచే కొట్టి తెచ్చాను. ఇంకో ఇరవై ఏడు మిగిలాయి. అవి దూరం. కొన్ని వాగుకి అవతల, నాలుగు మైళ్లు. మార్చి ఎండ. బట్టీ పక్కన పడి ఉన్న రాళ్లలోంచి చూడటానికి అలాగే ఉన్న ఇరవై ఏడు ఏరాను.

నలభై ఒకటో అంకె వేస్తుంటే ఆవిడ చూసింది. "అది వాగవతలదంటివే? ఆ గట్టు రాయి ఇది కాదు బాబూ. అది కాలదు, మట్టౌద్ది" అంది.

"చూడటానికి ఒకటేగా" అన్నాను.

"చూడటానికా?" అని గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

అతని అంకెలు ఎలా ఉంటాయో చూసి, అలాగే వేశాను. నా రాళ్లు తీసేసి, మళ్లీ అతని సంచుల్లోనే పెట్టి మూతులు కట్టాను. ఇదంతా అతని మేలుకోసమే చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాటకి ఆ వయసులో ఎంత బలముంటుందో మీకూ తెలిసే ఉంటుంది.

అతను పొద్దున బస్సులో వచ్చాడు. తండ్రికి నయమైంది. అల్లం పచ్చడి జాడీ నా చేతికిచ్చి, కాళ్లు కడుక్కుని, నేరుగా సంచుల దగ్గర కూర్చున్నాడు. ఒకటో రాయి తీసి అద్దం పెట్టాడు. "పద్దెనిమిది." పుస్తకం చూశాడు, పద్దెనిమిదే. రెండోదీ సరిపోయింది. మూడోదీ అంతే. నాకు ఊపిరాడింది. ఆరో రాయి దగ్గర ఆగాడు. మళ్లీ లెక్కపెట్టాడు. దాన్ని పక్కన పెట్టి, సంచులన్నీ ముందుకి లాక్కుని వరసగా చూడటం మొదలుపెట్టాడు. ఎండ గుమ్మంలోకి వచ్చింది.

"ఒరేయ్, నలభై ఒకటి ఎక్కడిది?"

"వాగవతలది."

"దానికి ఒకపక్క నాచు ఉండాలి. నీళ్లలోంచి తీశా. ఇది ఎండలో ఉన్న రాయి." తలెత్తి చూశాడు. "ఏం చేశావురా?"

మొత్తం చెప్పాను. సంచులు, రంగు, బట్టీ, గుంటూరు. అతను గోడకి జారగిలబడి విన్నాడు.

"ఏం సినిమా?" అన్నాడు చివరికి.

చెప్పాను.

"రెండూ చూశావా?"

"రెండూ."

"బాగున్నాయా?"

"ఒకటి బాగుంది."

"పోనీలే. రెండూ బాగోకపోతే మరీ అన్యాయం."

లేచి బట్టీ దగ్గరికి వెళ్లాడు. వెనకే వెళ్లాను. కుప్పగా పోసిన సున్నం ముందు నిలబడి ఆవిడని అడిగాడు: "మంచి సున్నమేనామ్మా?"

"పేరెట్టటానికి లేదు బాబూ" అంది ఆవిడ.

"అయితే సరే" అన్నాడు. గది వెనక్కి వెళ్లాడు. ఈసారి నేను వెనక వెళ్లలేదు. చాలాసేపటికి మొహం కడుక్కుని వచ్చాడు.

అన్నం తిన్నాక నేనే మాట ఎత్తాను. "ఇలాగే ఇచ్చెయ్‌రా. ప్రొఫెసరుగారికి తెలీదు. పరీక్షకి వచ్చేవాళ్లకి అసలే తెలీదు."

"నీకు తెలుసు. నాకు తెలుసు. ఆ బట్టీ ఆవిడకి తెలుసు. ఇంకెంతమందికి తెలియాలి?"

"ఉద్యోగం పోతుందిరా."

"పోతే నీ చేత చీరలు కొనిపిస్తా. ఏడాదికి పన్నెండు. పెళ్లి కాకపోయినా సరే." తరవాత నవ్వు మానేసి అన్నాడు: "నలభై నాలుగు నువ్వు చోటుకి వెళ్లి కొట్టావు. అవి ఉంచుకుంటా. ఈ ఇరవై ఏడూ అవతల పారెయ్."

గ్రంథం ఇవ్వడానికి గడువు దగ్గరపడింది. ప్రయోగశాల పనికి కనీసం రెండు వారాలు కావాలి. అంటే మాకు మిగిలింది తొమ్మిది రోజులు. ఇద్దరం పొద్దున్నే బయలుదేరి చీకటి పడేవేళకి వచ్చేవాళ్లం. అతను కొట్టేవాడు, నేను మోసేవాణ్ణి. ఆ తొమ్మిది రోజుల్లో నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఈ వ్యాసం ఇంత పొడుగు ఉండేది కాదు. పదిహేను రాళ్లు దొరికాయి. పన్నెండు మిగిలిపోయాయి. అందులో నలభై ఒకటి ఉంది.

విశ్వవిద్యాలయానికి వెళ్లాక పటం గీశాడు. పన్నెండుచోట్ల రంగు వెయ్యకుండా కాగితం తెలుపు అలాగే వదిలేసి, చిన్న అక్షరాలతో "నమూనా లేదు" అని రాశాడు. ప్రొఫెసరుగారు అది చూసి కళ్లజోడు తీశారు.

"ఈ తెల్ల మచ్చలేమిటయ్యా? రెండు పక్కలా ఒకటే రాయి కదా, మధ్యలో వేరే ఏముంటుంది? రంగు వేసెయ్."

"పరీక్షించకుండా ఎలా వేస్తాను సార్?"

"నువ్వు నడిచిన చోటేగా?"

"నడిచాను సార్. రాయి లేదు."

ఆయన పటం మడిచి ఇచ్చారు.

మౌఖిక పరీక్ష రోజు. బయటి ఊరినుంచి ఒక పెద్దాయన పరీక్షించడానికి వచ్చారు. ఉక్కగా ఉండి గది తలుపు తీసే ఉంచారు. నేను వసారాలో బల్లమీద కూర్చున్నాను. లోపలి మాటలన్నీ వినపడుతున్నాయి.

"ఈ పన్నెండుచోట్లా నమూనాలు ఎందుకు లేవు?"

"మొదట తీసినవి సున్నపు బట్టీలో కాలిపోయాయండి. మళ్లీ యాభై తొమ్మిదే తీయగలిగాం."

"బట్టీలో కాలిపోవడమేమిటి?"

అతను తెల్ల రంగు సంగతి, మేస్త్రి గుర్తు సంగతి చెప్పాడు. పెద్దాయన నవ్వారు. నవ్వాక అడిగారు: "అక్కడ పెట్టింది ఎవరు?"

నేను లేచి నిలబడ్డాను.

"నావి నేను చూసుకోవాల్సిందండి. ఊరెళ్లాను" అన్నాడు అతను.

నేను గుమ్మం దాకా వెళ్లాను. ప్రొఫెసరుగారు నన్ను చూసి, "నీ వంతు ఇంకా రాలేదు, కూర్చో" అన్నారు. కూర్చున్నాను.

నా వంతు వచ్చింది. నా పటంలో ఖాళీలు లేవు. ప్రశ్నలు తేలిగ్గానే ఉన్నాయి. చివర ఆ పెద్దాయన కాగితాలు సర్దుకుంటూ, "ఇంకేమైనా చెప్పదలచుకున్నావా?" అని అడిగారు. అందరినీ అడిగే మాటే అది. నా వెనక తలుపు తెరిచే ఉంది.

"లేదండి" అన్నాను.

తరవాత ఇద్దరం కాఫీ హోటలుకి వెళ్లాం. రెండు అట్లు తెమ్మన్నాడు.

"నేను చెప్పలేదురా" అన్నాను.

"తెలుసు. వసారాలో బల్లమీదే ఉన్నా."

"చెప్పాల్సింది."

"చెప్తే ఇద్దరికీ సెకండ్ క్లాసు వచ్చేది." సర్వరు వైపు తిరిగి, "ఇంకాస్త చట్నీ వెయ్యవయ్యా" అన్నాడు.

వచ్చింది ఒకరికే. అతనికి సెకండ్ క్లాసు. నాకు ఫస్ట్ క్లాసు. ఆ శాఖవాళ్లు ఉన్న ఒక్క ఉద్యోగానికి నన్ను పిలిచారు. కాగితం చేతికి అందిన మర్నాడే చీరాల వెళ్లాను. మూడో మగ్గం ఆడుతోంది. అతను గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఆపలేదు.

"నేను చేరనురా" అన్నాను.

"నువ్వు చేరకపోతే వాళ్లు నన్ను పిలుస్తారా?"

"పిలవరు."

"మరి? చేరు." నూలు కండె అయిపోతే మార్చుకుంటూ, "పోగు తెగింది, నీవల్లే" అన్నాడు. వాళ్ల నాన్న పక్క మగ్గం మీంచి, "ఏం బాబూ, ఉద్యోగమొచ్చిందంటగా, సంతోషం. కూర్చో, మజ్జిగ తాగి వెళ్దువుగాని" అన్నాడు. ఆయనకి ఏమీ తెలియదని అప్పుడే అర్థమైంది. ఇతను ఇంట్లో కూడా చెప్పలేదు.

వెళ్లేటప్పుడు వాళ్లమ్మ ఒక మూట ఇచ్చింది. కొత్తగా కుట్టిన నమూనా సంచులు నలభై. కుట్టమన్నది అతనే.

"సంచులు చాలలేదని ఎవరి రాళ్లూ కుమ్మరించకు" అన్నాడు. వాళ్లమ్మకి అర్థం కాకపోయినా, కొడుకు నవ్వుతున్నాడని తనూ నవ్వింది.

ఏడాది పైన మగ్గం నేశాడు. తరవాత పొదిలిలో సైన్సు మాస్టరు ఉద్యోగం వచ్చింది. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. ఆ మెట్టలో పిల్లలని ఆదివారాలు గుట్టల వెంట తిప్పేవాడు. నేను ఆ వైపు పనిమీద వెళ్లినప్పుడల్లా వాళ్లింట్లోనే భోజనం. సున్నపు బట్టీ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను.

ఒక్కసారి మాత్రం ఎత్తాను. ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకి నన్ను పల్నాడు పనిమీద పంపారు. వాగు అవతలకి వెళ్లి నలభై ఒకటో చోటు వెతికి, నాచు పట్టిన గట్టు నుంచి రాయి కొట్టాను. ప్రయోగశాలలో తేలింది: సున్నపురాయి కాదు. సగానికి పైగా మట్టి. రెండు పక్కలా ఉన్నది మంచి సున్నపురాయే, మధ్యలో ఇది. నేను అంకె వేసి సంచిలో కట్టిన రాయినే అతను ఉంచుకుని ఉంటే, అతని పటం అక్కడ అబద్ధం చెప్పేది. అతనికి కార్డు రాశాను. నాలుగు రోజులకి జవాబొచ్చింది. ఒకటే వాక్యం: "ఆవిడ అప్పుడే చెప్పింది కదరా, నువ్వే వినలేదు."

బట్టీ ఆవిడ కోసం కూడా ఆ ప్రయాణంలో వాకబు చేశాను. పేరు తెలియకుండా వాకబు చెయ్యడం కష్టం. ఆరు వారాలు ఆవిడ మజ్జిగ తాగి, పేరు అడగలేదు మేము.

అతను కిందటేడు వానాకాలంలో పోయాడు. పదకొండో రోజుకి పొదిలి వెళ్లాను. నాకంటే ముందే చాలామంది శిష్యులు వచ్చి ఉన్నారు, నెరిసిన తలలవాళ్లు కూడా. అందరూ మాస్టారు మాస్టారు అంటున్నారు. నేను ఎవరినని అడిగితే, కలిసి చదువుకున్నామని చెప్పాను. ఆయన చదువు మధ్యలో ఏదో పొరపాటు చేసి మంచి ఉద్యోగం పోగొట్టుకున్నారట కదండీ, అని ఒకాయన అన్నాడు. పొరపాటు ఆయనది కాదని ఆ పందిట్లో నేను చెప్పాను. ఎవరిదో కూడా చెప్పాను. నలుగురైదుగురు విన్నారు. మాట మార్చారు, పెద్దవాణ్ణి కదా అని. అది సరిపోదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆ శిష్యుల్లో ఒక కుర్రాడు పటాలు తయారుచేసే పనిలో ఉన్నాడు. మాస్టారి పాత పటాన్ని కూడా కంప్యూటరులోకి ఎక్కించామని సంబరంగా చూపించాడు. గీతలన్నీ సరిగ్గా ఉన్నాయి. పన్నెండు తెల్లచోట్లలో ఒక్కటీ లేదు. నలభై ఒకటో చోట సున్నపురాయి రంగే ఉంది.

"అవి ఏమయ్యాయి బాబూ?" అని అడిగాను.

"అక్కడ డేటా లేదండీ. చుట్టుపక్కల ఉన్నదాన్నిబట్టి కంప్యూటరే లెక్కకట్టి నింపేస్తుంది" అన్నాడు.

తప్పు ఆ కుర్రాడిది కాదు. పని అలా మారింది. పటంలో ఖాళీ వదలడం ఇప్పుడు లేదు.